టెలివిజను ఎంపికలో కంటి లెక్క

మదనపల్లె నుండి కదిరి పోవు బాటలో అంగళ్లు అను ఊరు కలదు. పేరు అంగళ్లే గాని, నేడు ఆ ఊరికి రాకపోకలు పెంచినవి టమాటా మండీయు, ఇంజనీరింగు కళాశాలయును. మా పెద్దమ్మ మనుమడు ఆ కళాశాలలో చదువుచు, మరి ఇద్దరు మిత్రులతో అక్కడనే గది అద్దెకు తీసికొని యున్నాడు. పెద్దమ్మ మాత్రము కురబలకోట వైపున పల్లెలో తన ఇంటనే ఉన్నది.

ఒక కారున టమాటాకు మంచి ధర పలికినది. పెద్దమ్మ తన వాటాకు వచ్చిన సొమ్ములో కొంత నా చేతిలో పెట్టి, "నాయనా, నువ్వు సైన్సు చెప్పేవాడివి గదా. మంచి టీవీ చూసి తీసుకురా" అనెను. మంచిదనుకొన్నదే తెచ్చితిని. నెల తిరుగక మునుపే కబురు వచ్చెను. వెళ్లి చూడగా ఆమె చెప్పిన మాట ఇది: "పగులు మొగాలు తెలీలేదు నాయనా. పక్కన కూచున్నోళ్లకైతే అంతా పాలిపోయినట్టుండాది. కింద పోయే అచ్చరాలు సరే సరి."

నేను భౌతికశాస్త్రము బోధించువాడను. పెట్టెపై అచ్చువేసిన అంకెలన్నియు చదివియే కొంటిని. అవి ఎవరి కంటికి, ఎంత దూరమునకు, ఏ వెలుతురునకు అని మాత్రము ఆలోచింపలేదు. ఆమె సొమ్ము పదివేల పైచిలుకు అనవసరముగ వెచ్చించితినని తెలిసిన పిమ్మట, కొలబద్ద తీసికొని ఆ నడవాలో కూర్చుండి వేసిన లెక్కలే ఈ వ్యాసము. తక్కువ వెలలో టెలివిజను కొనదలచిన ఇతరులకు కూడ ఉపయోగపడునని వ్రాయుచున్నాను.

మొదట నేను తెచ్చినది 43 అంగుళముల తెర. ఈ కొలత మూలనుండి మూలకు తీసిన కర్ణము. దాని వెడల్పు సుమారు 95 సెంటీమీటర్లు, ఎత్తు 53. బొమ్మను కూర్చు చుక్కలు, అనగా పిక్సెళ్లు, అడ్డమునకు 3840, నిలువునకు 2160. దీనినే 4కె అందురు. వెల ఇరవై రెండు వేలు దాటినది. తరువాత తెచ్చినది 32 అంగుళములది. వెడల్పు 71 సెంటీమీటర్లు, ఎత్తు 40. చుక్కలు అడ్డమునకు 1366, నిలువునకు 768. పెట్టెమీద హెచ్.డి. రెడీ అని యుండును. వెల మొదటిదానిలో ఇంచుమించు సగము. అంగడిలో దీనిని ఎవరును చూపరు. అడిగినవారికి మూలనున్న దానిని చేతితో చూపెదరు, అంతే.

ముందుగా చుక్కల సంగతి చూతము. మంచి చూపుగల కన్ను ఒక డిగ్రీలో 60వ భాగము, అనగా ఒక నిమిషము కోణమున ఎడముగా నున్న రెండు చుక్కలను వేర్వేరుగా గుర్తింపగలదు. అంతకన్న దగ్గరగా నున్నవి కలిసి ఒక్కటిగా తోచును. ఈ ఎడము ఎంతయో తెలియుటకు కష్టమైన గణితము అక్కరలేదు. చూచు దూరమును సుమారు 3400 చేత భాగించిన చాలును. పెద్దమ్మ మంచము తెరకు 10 అడుగుల దూరమున ఉండెను. 10 అడుగులనగా 3050 మిల్లీమీటర్లు. భాగించిన 0.9 మిల్లీమీటరు వచ్చును. 43 అంగుళముల 4కె తెరలో ఒక చుక్క పావు మిల్లీమీటరు. 32 అంగుళముల తెరలో అర మిల్లీమీటరు. రెండును 0.9 కంటె చిన్నవే. కావున 10 అడుగుల దూరమున ఎంత చురుకైన కన్నైనను రెండు తెరలలో దేని చుక్కను విడదీసి చూడజాలదు. ఎక్కువ చుక్కలకు ఇచ్చిన సొమ్ము ఆ దూరమున కంటికి చేరదు.

పెద్దమ్మ కన్ను చురుకైనదియు కాదు. ఒక కంటికి శుక్లము తీసిరి. రెండవదానికి ఇంకను తీయవలసి యున్నది. కళ్లద్దములతో కూడ ఆమె చూపు 6/24 అని వైద్యుడు చీటీలో వ్రాసెను. అనగా మంచి చూపుగలవాడు 24 మీటర్లనుండి చదువగల అక్షరమును ఈమె 6 మీటర్లకు వచ్చిన గాని చదువలేదు. ఆమె కంటికి ఒక నిమిషమునకు బదులు నాలుగు నిమిషముల ఎడము కావలెను. 10 అడుగులలో అది మూడున్నర మిల్లీమీటర్లు. నేను ఎంతో ముచ్చటపడి కొన్న చుక్కలు, ఒక వరుసలో పదునాలుగు చేరిన గాని ఆమెకు ఒక చుక్క కాదు.

ఇంకొక సంగతి. తెరలో ఎన్ని చుక్కలున్నను, వచ్చు బొమ్మలో ఉన్నన్నియే నిజమైనవి. పెద్దమ్మ ఇంటికి డిష్ ద్వారా వచ్చు సాధారణ ఛానళ్లలో బొమ్మకు 720 చొప్పున 576 వరుసలు, వెరసి నాలుగు లక్షల పదునైదు వేల చుక్కలు. 4కె తెరలో ఎనుబది మూడు లక్షలు. లెక్కకు సరిగా ఇరువది రెట్లు. లోపలనున్న యంత్రము ఒక్కొక్క చుక్కను ఇరువదింటికి పంచి, మధ్యవానిని ఊహించి పూరించును. మజ్జిగను పెద్ద కుండలోనికి మార్చిన చిక్కపడునా? ఇంటర్నెట్టు ద్వారా 4కె బొమ్మలు చూచువారి సంగతి వేరు; వారిని గురించి ముందు చెప్పెదను.

ఇక ఆమె అడిగిన "కింద పోయే అచ్చరాలు." వార్తల ఛానళ్లలో అడుగున పరుగెత్తు పట్టీని ఎవరికి వారు తేలికగా తీసికొందురు గాని, వినికిడి తగ్గినవారికి వార్త అంతయు అదియే. తెలుగు అక్షరమునకు ఇక్కడ ఒక చిక్కు కలదు. ఇంగ్లీషు పెద్దబడి అక్షరములు పట్టీ ఎత్తునంతటిని ఆక్రమించి నిలుచును. మన అక్షరము మూడంతస్తుల మేడ వంటిది. పైన గుడియో కొమ్మో, క్రింద వత్తు, నడుమ అసలు అక్షరము. పట్టీ ఎత్తులో సగమే అసలు అక్షరమునకు దక్కును. పైగా 'ప'కును 'వ'కును, 'మ'కును 'య'కును గల భేదము ఒక చిన్న వంపు మాత్రమే. నేను కొలబద్దతో కొలువగా అసలు అక్షరపు ఎత్తు 43 అంగుళముల తెరమీద 1.4 సెంటీమీటర్లు ఉండెను. తరువాత 32 అంగుళముల తెరమీద అదే ఛానలులో కొంచెము ఎక్కువగా 1 సెంటీమీటరు.

కంటివైద్యుల పటము ప్రకారము 6/24 చూపునకు అక్షరము 20 నిమిషముల కోణమునకు తగ్గరాదు. 10 అడుగులలో అది 1.8 సెంటీమీటర్లు. నేను తెచ్చిన పెద్ద తెర కూడ ఆ కొలతకు చాలలేదు. 10 అడుగులనుండి చదువవలెనన్న 53 అంగుళములకు తగ్గని తెర కావలెను. దాని వెల ఆమె అందుబాటులో లేదు. కాని అదే మంచమును 6 అడుగులకు జరిపిన, కావలసిన ఎత్తు 1.06 సెంటీమీటర్లకు దిగును. చిన్న తెర దానికి సరిపోవును. 6 అడుగులనుండి చూచిన 32 అంగుళముల తెరయు, 10 అడుగులనుండి చూచిన 53 అంగుళముల తెరయు కంటిలో ఒకే పరిమాణముగల బొమ్మను వేయును. మంచము జరుపుటకు వెల లేదు. దగ్గరగా కూర్చున్న కళ్లు చెడునని మా ఇంటిలో ఒకరు అడ్డుచెప్పిరి. 6 అడుగుల దూరమున అట్టి భయమేమియు లేదు. కన్ను అలసిన యెడల కొంతసేపు మూసికొన్న చాలును.

మంచము ముందుకు రాగానే మరియొక చిక్కు పుట్టినది. సాయంకాలము సీరియలు వేళకు ఇరుగుపొరుగు ఆడవారు నలుగురైదుగురు వత్తురు. మంచము ముందుకు జరిగినచో వారు ప్రక్కలకు చేరుదురు. తెర ఎదుట 6 అడుగుల దూరమున, నడుమనుండి 5 అడుగులు ప్రక్కకు కూర్చున్నవారు తెరను 40 డిగ్రీల కోణమునుండి చూతురు. "పాలిపోయినట్టుండాది" అను ఫిర్యాదు వీరిది. దీనికి కారణము తెలిసికొనుటకు తెర లోపలికి పోవలెను.

పూర్వపు పిక్చరు ట్యూబు తెరలో ఈ బాధ లేదు. దానియందు ఎలక్ట్రానులు తగిలిన రసాయనపు పూత తానే వెలుగును. ఆ వెలుగు అన్ని దిక్కులకు ఒకే తీరున పరచుకొనును. 1975 ఆగస్టు 1 మొదలు ఒక సంవత్సరముపాటు ఉపగ్రహము ద్వారా మన దేశమున ఆరు రాష్ట్రములలో సుమారు 2400 గ్రామములకు టెలివిజను కార్యక్రమములు ప్రసారము చేసిరి. సైట్ అని పేరుపొందిన ఆ ప్రయోగమున ఆంధ్రప్రదేశ్ కూడ ఒకటి. గ్రామములలో నుంచిన టెలివిజనులను తయారుచేసినది హైదరాబాదు ఇ.సి.ఐ.ఎల్. సంస్థ. ఊరంతకు ఒకే పెట్టె. జనము అర్ధచంద్రాకారముగా కూర్చుండెడివారు. అంచున కూర్చున్నవానికి బొమ్మ సన్నగా కనబడునే గాని వెలవెలబోదు.

నేటి తెర తానుగా వెలుగునది కాదు. వెనుక తెల్లని దీపములు ఎల్లవేళల వెలుగుచుండును. వాటి ముందు రెండు ధ్రువక ఫలకములు, నడుమ ద్రవస్ఫటికపు పలుచని పొర. ద్రవమువలె పారుచు స్ఫటికమువలె వరుస తీరియుండు ఈ వింత పదార్థమును 1888లో ఆస్ట్రియా దేశపు వృక్షశాస్త్రజ్ఞుడు రైనిట్జర్ గమనించెను. కొలెస్టెరాలుకు సంబంధించిన ఒక పదార్థము 145 డిగ్రీల వద్ద కరిగి మబ్బుగా నుండి, 178 డిగ్రీల వద్ద మరల తేటపడుట చూచి ఆయన ఆశ్చర్యపడెను. విద్యుత్తును ప్రయోగించి ఈ అణువుల దిశను మార్చినచో, రెండు ఫలకముల నడుమ పోవు వెలుగును కావలసినంత వదలవచ్చును, ఆపవచ్చును. ప్రతి చుక్కయు ఇట్టి ఒక చిన్న తలుపు.

తలుపు తెరచు విధానములు తక్కువ వెల టెలివిజనులలో ముఖ్యముగా రెండు. వి.ఎ. అనునది ఒకటి. ఇందు విద్యుత్తు లేనప్పుడు అణువులు గాజునకు నిలువుగా నిలబడియుండును. వెలుగు దాదాపు పూర్తిగా ఆగిపోవును. కనుక నలుపు చక్కని నలుపుగా నుండును. విద్యుత్తు తగులగానే అవి ఒరుగును. టమాటా తోటలో నాటిన ఊతకట్టెలు గాలికి ఒరిగినప్పుడు ఒక గట్టునుండి పొట్టిగాను, ఇంకొక గట్టునుండి పొడవుగాను కనబడును గదా. అట్లే ఒరిగిన అణువులు ఎదుటివానికి ఒక తీరుగను, ప్రక్కవానికి మరొక తీరుగను వెలుగును పంపును. ముఖములు వెలవెలబోవుటకు కారణమిదియే. ఐ.పి.ఎస్. అనునది రెండవది. ఇందు అణువులు గాజునకు సమాంతరముగా పడుకొని, గడియారపు ముల్లువలె అదే తలమున తిరుగును. ఏ ప్రక్కనుండి చూచినను పెద్ద భేదము లేదు. కాని వెలుగును పూర్తిగా ఆపలేదు; నలుపు కొంత బూడిదరంగు కలిసినట్లుండును.

ఈ సందర్భమున మనకు పొరుగుననే జరిగిన ఒక పనిని చెప్పక తప్పదు. 1977లో బెంగుళూరులోని రామన్ పరిశోధన సంస్థయందు శివరామకృష్ణ చంద్రశేఖరును, ఆయన సహచరులును బిళ్లలవంటి అణువులు ఒకదానిపై నొకటి పేర్చినట్లు నిలుచు క్రొత్త జాతి ద్రవస్ఫటికములను కనుగొనిరి. (నోబెల్ బహుమానము పొందిన నక్షత్రశాస్త్రజ్ఞుడు చంద్రశేఖరు వేరు, ఇరువురును రామన్ గారికి బంధువులే.) తరువాతి కాలమున ఆ జాతి పదార్థములతో చేసిన పలుచని పొరలను కొన్ని తెరలకు అంటించి ప్రక్కచూపును మెరుగుపరచిరి.

మరి నేనేల వి.ఎ. తెరను కొంటిని? పెట్టెమీది మరొక అంకెకు లోబడి. తెరలోని తెలుపు నలుపుకంటె ఎన్ని రెట్లు వెలుగునో తెలుపునది కాంట్రాస్టు. వి.ఎ. తెరకు సుమారు 4000; ఐ.పి.ఎస్. తెరకు సుమారు 1000. నాలుగురెట్లు మేలైనదని తీర్మానించితిని. కాని ఈ అంకె చీకటిగదిలో కొలిచినది. పెద్దమ్మ ఇంటి నడవా తూర్పు వాకిలి. పగలంతయు తలుపులు తెరచియుండును. అక్కడ వెలుతురు 500 లక్సులనుకొందము. తెర దానిలో కొంత తిరుగగొట్టును. తిరుగగొట్టినది నూటికి 2 వంతులైనను, తెర అంతటను 3 నిట్ల అదనపు వెలుగు పరచుకొనును. తక్కువ వెల తెరలలో తెలుపు 250 నిట్ల ప్రాంతమున ఉండును. నలుపు ఒకదానిలో పావు నిట్, మరొకదానిలో అందులో నాలుగవ వంతు. రెండిటికిని ఆ 3 నిట్లు కలుపుడు. తెలుపును నలుపుతో భాగించిన ఐ.పి.ఎస్. తెరకు 78, వి.ఎ. తెరకు 83 వచ్చును. నాలుగువేలు ఎక్కడ, ఎనుబదిమూడు ఎక్కడ! వాకిలి వెలుగు ఆ గొప్పనంతను కడిగివేసినది. ముసలివారి కంటికి ఇది మరింత భారము. ఇరువది ఏండ్లవాని నేత్రపటలమునకు చేరు వెలుగులో అరువది ఏండ్లవానికి సుమారు మూడవ వంతే చేరునని చెప్పుదురు. పెద్దమ్మ తెరను వాకిలికి ఎదురుగా నున్న గోడనుండి తీసి, వాకిలి ప్రక్కగోడకు మార్చిన పిమ్మట ముఖములు తేటపడినవి. ఇదియు వెలలేని పనియే.

అంగడిలో నాకీ దోషములు ఏల కనబడలేదో ఇప్పుడు తెలియుచున్నది. లోపలి గది, వాకిలి వెలుగు లేదు. తెరకు ఎదురుగా, నాలుగడుగుల దూరమున నన్ను నిలిపిరి. ప్రత్యేకముగా తీసిన పూలబొమ్మలు, రంగులు హెచ్చించి చూపిరి. అవి పెద్దమ్మ ఇంటిలో ఎన్నడును ఉండని పరిస్థితులు.

అయితే 43 అంగుళముల తెర చెడ్డదా? కాదు. దానిని పెద్దమ్మ మనుమని గదికి పంపితిమి. అక్కడ ముగ్గురు పిల్లలు ఒకే చాపమీద ఎదురుగా కూర్చుండి, దీపమార్పి, రాత్రి పదింటికి క్రికెట్టో సినిమాయో చూతురు. ప్రక్కచూపు ప్రశ్న లేదు. వెలుతురు లేదు కనుక నలుపు నలుపుగనే నిలుచును. పై లెక్కనే 5 లక్సులతో వేసిన ఐ.పి.ఎస్. తెరకు 890, వి.ఎ. తెరకు 2700 వచ్చును. రాత్రి దృశ్యములలో చీకటి నడుమ మనిషి కదలిక తెలియుట ఈ తేడావలననే. వారు కూర్చుండు దూరము 5 అడుగులు. అంత దగ్గరనుండి 32 అంగుళముల తెరలోని అర మిల్లీమీటరు చుక్కలు మంచి కంటికి గరుకుగా తెలియును. పైగా వారు పగటిపూట దానినే కంప్యూటరునకు తగిలించి, 3 అడుగుల దూరమున ప్రోగ్రాములు వ్రాయుదురు. ఆ దూరమున కంటి హద్దు 0.27 మిల్లీమీటరు, 4కె చుక్క 0.25. కొలిచి కుట్టిన చొక్కావలె సరిపోయినది. కిటికీకి మాత్రము పగలు తెర వేయుమని చెప్పితిని.

పెట్టెమీద హెచ్.డి.ఆర్. అను అక్షరములు కూడ ఉండును. ఆ విధానము చూపదలచిన తళతళకు 250 నిట్లు చాలవు. ఈ వెలలో దానిని పట్టించుకొననక్కరలేదు.

కరెంటు సంగతి స్వల్పము. చిన్నది సుమారు 40 వాట్లు, పెద్దది 80. దినమునకు 5 గంటలు చూచిన నెలకు 6 యూనిట్లు, 12 యూనిట్లు. నక్షత్రములుగల చీటీమీద ఏడాదికి ఎన్ని యూనిట్లో అచ్చువేయుదురు. నక్షత్రములకంటె ఆ అంకెను చూచుట మేలు. వెలలో ఒక మార్పు వచ్చినది. 2019 జనవరి మొదలు 32 అంగుళముల వరకు 18 శాతము, అంతకు మించినవానికి 28 శాతము జి.ఎస్.టి. ఉండెను. 2025 సెప్టెంబరు 22 నుండి రెండిటికి 18 శాతమే. పన్నుకొరకై చిన్నది కొనవలసిన పని ఇప్పుడు లేదు.

వి.ఎ. యా, ఐ.పి.ఎస్. యా అను సంగతి మాత్రము పెట్టెమీద తరచు ఉండదు. టెలివిజనుల కూర్పు మన ప్రాంతముననే జరుగుచున్నది. 2018లో షావోమీ సంస్థ తిరుపతిలోని డిక్సన్ కర్మాగారమున చేయించుట ఆరంభించెను. కాని లోపలి తెరగాజు ఎక్కువగా చైనానుండి వచ్చును. ఒకే పేరుగల టెలివిజనులో ఒకమారు ఒక రకము, మరియొకమారు మరొకటి రావచ్చును. కావున కంటితోనే తేల్చుకొనవలెను. ఎదుట నిలిచి ఒక మనిషి ముఖమును చూడుడు. బొమ్మను అక్కడ ఆపించి, గోడవారగా నడచి మరల చూడుడు. ముఖపు చాయ పాలిపోయిన అది వి.ఎ. అని చాలవరకు నమ్మవచ్చును. రంగులను స్టాండర్డ్ అను అమరికకు మార్పించి, పూలబొమ్మ తీయించి, తెలుగు వార్తల ఛానలు పెట్టించి, ఇంటిలో మంచమెంత దూరమో అంత దూరమునకు పోయి అడుగు పట్టీ చదువుడు. చూడవలసినవారిని వెంట తీసికొనిపోయిన ఇంకను మంచిది. నేను పెద్దమ్మను తీసికొనిపోలేదు.

శబ్దమును గురించి ఒక మాట. పలుచని టెలివిజనులలో స్పీకర్లు చిన్నవి. క్రిందికో వెనుకకో తిరిగియుండును. వయస్సుతో ముందుగా తగ్గునది హెచ్చు పౌనఃపున్యముల వినికిడి. స, ష, త వంటి హల్లులు అక్కడనే ఉండును. శబ్దము ఎంత పెంచినను అచ్చులును, వెనుకటి వాద్యములును పెరుగునే గాని మాట స్పష్టపడదు. ఈ విషయమున రెండు టెలివిజనులకు భేదమేమియు లేదు. ఒక చిన్న స్పీకరు కొని మంచము ప్రక్కన, చెవికి ఎదురుగా ఉంచితిమి. మాట తెలియుచున్నదని పెద్దమ్మ చెప్పినది. దాని తీగ నడవాకు అడ్డముగా నున్నది; కోడలు రెండుసార్లు తట్టుకొన్నది. గోడవెంబడి దానిని మేకులతో బిగించు పని వచ్చు ఆదివారమునకు పెట్టుకొన్నాను.